పాత అంబాసిడర్ బేరానికి వెళ్లే ముందు జాగ్రత్తలు

• భీమవరమైనా అమలాపురమైనా పగటిపూటే వెళ్లండి. టార్చి, చిన్న అయస్కాంతం, పల్చటి కాగితం, పెన్సిల్ వెంట ఉండాలి.

• బానెట్ కింద ఛాసిస్ నంబరు ఉండే ప్లేటు చూసి మురిసిపోవద్దు. రివెట్లు ఊడదీసి ఇంకో బండి ప్లేటు బిగించడం పెద్ద పనేం కాదు. మన ఉప్పుగాలికి చుట్టూ రేకంతా తుప్పు పట్టి, ప్లేటూ రివెట్లూ మాత్రం తళతళలాడుతుంటే అనుమానించాల్సిందే.

• అసలు చూడాల్సింది రేకు మీద పంచ్ చేసిన ఛాసిస్ నంబరు. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి. అంకెలు వంకరగా ఉన్నాయా? ఆకురాయి గీతలు, వెల్డింగ్ మచ్చలు కనిపిస్తున్నాయా? పక్కన అయస్కాంతం పట్టకపోతే రంగు కింద లప్పం ఉన్నట్టే. ఆ అచ్చును ఆర్సీతో అంకె అంకె పోల్చండి.

• ఇంజిన్ మార్చడం తప్పు కాదు, ఆర్సీలో ఎక్కించకపోవడమే తప్పు.

• ‘వింటేజ్ బండి’ అని రేటు పెంచితే తయారీ సంవత్సరం అడగండి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటికే ఆ రిజిస్ట్రేషన్. అంబాసిడర్లు 2014 దాకా తయారయ్యాయి మరి!

• ఫైనాన్స్ బాకీ ఉందేమో రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో చూసుకోండి. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు, బావగారి స్నేహితుడి బండైనా సరే.