చైనావాళ్లకు ఇంగ్లీష్ చెప్పేవారికి – 6వ పాఠం: మై ఎక్కడ, మైన్ ఎక్కడ

పోయినసారి ‘ఎ’, ‘ది’లతో కుస్తీ పట్టాం. ఈసారి ‘ఎవరిది?’ అని అడిగితే జవాబుగా వచ్చే మాటలు.

చైనీస్‌లో ‘నా పుస్తకం’ అంటే ‘వొ ద షూ’. ‘ఈ పుస్తకం నాది’ అంటే ‘జ బెన్ షూ షి వొ ద’. రెండు చోట్లా అదే ‘వొ ద’. ‘వొ’ అంటే నేను. దానికి ‘ద’ తగిలిస్తే నా, నాది రెండూ అయిపోతాయి. అందుకే మీ స్టూడెంట్ ‘దిస్ బుక్ ఈజ్ మై’ అని ఆగిపోతాడు. అతని లెక్కలో వాక్యం పూర్తయింది. మనకేమో నా, నాది చిన్నప్పటి నుంచీ వేరు కాబట్టి, తప్పు వెంటనే చెవిలో గుచ్చుకుంటుంది.

గ్రామర్ రూల్ చెప్పకండి, తలూపి మళ్లీ ‘ఈజ్ మై’ అంటారు. నేను టీ కప్పు కెమెరా ముందు పెట్టి ‘మై కప్’ అంటాను. కప్పు టేబుల్ కిందకి దించేసి, ఖాళీ చెయ్యి చూపించి ‘మైన్’ అంటాను. వెనకాల వస్తువు పేరుంటే మై, ఆ పేరు మాయమైతే మైన్. తర్వాత వాళ్ల చేత వాళ్ల కప్పుతోనే చేయించాలి.

అయితే దీనికంటే ముందు ‘హిజ్’ చెప్పండి. చాలా పుస్తకాలు మై–మైన్‌తో మొదలుపెడతాయి, నాకది నచ్చదు. ‘హిజ్ కప్’, ‘ది కప్ ఈజ్ హిజ్’: చైనీస్‌లోలాగే మాట మారదు, భయం పోతుంది. ఆ తర్వాతే మై–మైన్, యువర్–యువర్స్, హర్–హర్స్, అవర్–అవర్స్, దెయిర్–దెయిర్స్.

హిజ్, హర్ దగ్గర ఇంకో చిక్కుంది. చైనీస్‌లో ‘థా’ అంటే అతను, ఆమె, అది కూడా. రాతలో వేర్వేరు అక్షరాలున్నాయి. ఆమెకు విడిగా ఒక అక్షరం వాడుకలోకి వచ్చింది 1920 ప్రాంతంలో, ల్యూ బన్‌నుంగ్ లాంటి రచయితల పూనికతో. పలికితే మాత్రం మూడూ ఒకటే. చెంగ్డూలో ఉండే నా స్టూడెంట్ ఒకాయన ‘మై వైఫ్ లవ్స్ హిజ్ జాబ్’ అన్నాడు. ఎవరి జాబ్ అండీ అంటే ‘హర్, హర్!’ అని నవ్వేశాడు. తెలియక కాదు, మాట్లాడే స్పీడులో జారిపోయింది. దీనికి వివరణ పనిచేయదు, నోరు తిరగాల్సిందే.

మూడోది మనకే ప్రమాదం. ‘వొ శీ షౌ’ అంటే నేను చేతులు కడుక్కుంటాను. ఎవరి చేతులో చెప్పరు. మనమూ చెప్పం, ‘నా చేతులు కడుక్కున్నాను’ అంటే ఇంట్లో వాళ్లు వింతగా చూస్తారు. ఇంగ్లీష్‌లో మాత్రం ‘ఐ వాష్డ్ మై హాండ్స్’ అనాలి. స్టూడెంట్ ‘మై’ మింగేసినా మన చెవికి తప్పు తగలదు. అందుకని చేతులు, పళ్లు, జుట్టు, కోటు అని ముందే కాగితం మీద రాసుకుని కూర్చోండి.

‘ఇట్స్’ సంగతి ఒక్క ముక్కలో: ‘దాని’ అనే అర్థంలో పైన కామా పెట్టకూడదు. పెడితే ‘ఇట్ ఈజ్’ అయిపోతుంది.

హోంవర్క్: స్టూడెంట్‌ని ఫ్యామిలీ ఫొటో ఒకటి తెమ్మనండి. ఫొటోలో ఎవరి చొక్కా, ఎవరి బ్యాగు, ఎవరి కళ్లజోడు అని ఆగకుండా పది వాక్యాలు చెప్పించండి. మధ్యలో సరిదిద్దొద్దు, హిజ్–హర్ తారుమారైన చోట టిక్ పెట్టుకోండి చాలు. వచ్చే పాఠంలో ‘మై వన్ ఫ్రెండ్’ని ‘ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్’గా ఎలా మార్పించాలో చూద్దాం.