వాడని చిమ్నీ, టీ రంగు మరక

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మేం కొన్నది వందేళ్ళు దాటిన టెర్రస్ ఇల్లు, అంటే పక్కింటితో గోడ కలిపి వరసగా కట్టిన ఇళ్ళల్లో ఒకటి. హాల్లోనూ, పైన పడకగదిలోనూ గోడ ఒకచోట ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అదే చిమ్నీ. మన వంటింట్లో స్టవ్ మీద బిగించేది కాదు, బొగ్గుల పొగ పైకప్పు దాటిపోవడానికి ఇటుకలతో కట్టిన గొట్టం. 1956లో పొగని కట్టడి చేసే క్లీన్ ఎయిర్ చట్టం, ఆ తరవాత సెంట్రల్ హీటింగ్ వచ్చాక ఇలాంటివి చాలా ఇళ్ళల్లో మూలపడ్డాయి. మా ఇంట్లో ఎవరో ఫైర్‌ప్లేస్‌ని బోర్డుతో మూసి, సందు లేకుండా పూసేశారు.

కొన్న ఏడాదే పడకగదిలో, సీలింగ్‌కి జానెడు కింద, టీ ఒలికినట్టు మరక వచ్చింది. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ తెనాలి నుంచే తేల్చేసింది: "గోడ నెమ్మెక్కిందే, పైన ఎక్కడో కారుతోంది చూసుకో." వినలేదు. దీపావళికి రెండు పూతలు పెయింట్ వేస్తే సంక్రాంతికి మళ్ళీ తేలింది. మరకల్ని ఆపే ప్రైమర్ కొడితే దాని పక్కన వచ్చింది.

తరవాత నెమ్ము బాగుచేస్తామనే కంపెనీ మనిషిని పిలిచాను. రెండు సూదుల మీటర్ గోడకి గుచ్చాడు, అది కీచుమంది, కింద గోడలోకి మందు ఎక్కించాలన్నాడు. మరకేమో మేడమీద! నేల నుంచి ఎక్కే తడి మామూలుగా నడుమెత్తు దాటదు. పైగా ఆ మీటర్ చూసేది గోడలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందని. ఉప్పున్నా కీచుమంటుంది.

కాబట్టి ఎవరికీ డబ్బులివ్వకముందే ఒక పెన్సిల్ తీసుకోండి. మరక అంచు వెంట గీత గీసి తేదీ వేయండి. ఆదివారం ఆదివారం చూడండి. వాన పడ్డ ఒకటి రెండు రోజుల్లో గీత దాటితే నీళ్ళు పైనుంచి వస్తున్నట్టు. వాన లేకపోయినా, గాలి చెమ్మగా ఉన్నప్పుడో ఇంట్లో బట్టలు ఆరేసినప్పుడో ముదిరి, పొడి గాలికి వెలిసిపోతుంటే అది ఉప్పు పని. బొగ్గు పొగలోని లవణాలు ఏళ్ళ తరబడి ఇటుకల్లోకి ఇంకి ఉంటాయి. శ్రావణంలో జాడీలో రాళ్ళుప్పు దానంతటదే నీరుకారదూ, అలాగే. మా గోడకి రెండూ ఉన్నాయి.

ముందు వాన సంగతి తేల్చాలి. వాన కురుస్తుండగా టార్చ్‌తో అటకెక్కండి. చిమ్నీ పైకప్పులోంచి బయటికి పోయే చోట ఇటుకల్నీ, పక్క దూలాల్నీ ముట్టుకుని చూడండి. నా వేళ్ళకి తడీ మసీ కలిసి అంటుకున్నాయి, కాలిన కట్టెల వాసన. బయట ఇటుకకీ పెంకుకీ మధ్య సీసపు రేకు ఉంటుంది, లెడ్ ఫ్లాషింగ్ అంటారు. మాది ఒక పక్క పైకి లేచిపోయింది. చిమ్నీ వెనకున్న చిన్న కాలవలో ఆకులు పేరుకున్నా నీళ్ళు లోపలికే దిగుతాయి. కప్పు మీదికి మీరు మాత్రం ఎక్కకండి. పైకప్పు పని చేసే రూఫర్‌ని పిలిచి, పని ముందూ తరవాతా ఫోటోలు అడగండి. పాత ఇటుకల సందులు సున్నంతో పూడ్చమనండి, సిమెంటు తడిని లోపలే పట్టి ఉంచుతుంది. పైన పక్షులు గుడ్లు పెట్టి ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాల్సిందే. వాడుకలో ఉన్న గూడు పాడుచేయడం ఇక్కడి 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం.

ఇక ఎక్కువమంది చేసే తప్పు, పైనా కిందా బిగించి మూసేయడం. లోపలి గాలి కదలకపోతే చల్లటి ఇటుకలకి ఆవిరి పట్టి అదీ మరకవుతుంది. పైన వాన ఆపి గాలి వదిలే మూత పెట్టించాలి, కింద బోర్డుకి నేల దగ్గర జాలీ పెట్టాలి. దానికి ముందు చిమ్నీ ఊడ్పించండి. మాకు రెండు బస్తాల మసి, పుల్లలు వచ్చాయి. ఒక్క జాగ్రత్త: టెర్రస్ ఇళ్ళల్లో పక్కింటి గొట్టాలు కూడా అదే చిమ్నీలో ఉండొచ్చు. ఏ గొట్టానికి గ్యాస్ ఫైర్ (గది వెచ్చబెట్టే గ్యాస్ పొయ్యి) తగిలించి ఉందో గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పని చేయడానికి అర్హులైనవాళ్ళ జాబితాలో, ఉన్న మనిషి చూసి చెప్పేదాకా దేనికీ మూత పెట్టించొద్దు. పొగ వెనక్కి తంతే ప్రాణాలకే ముప్పు.

ప్లాస్టర్ ఆఖరి పని. గోడ ఆరడానికి మాకు ఎండాకాలమంతా పట్టింది. అప్పుడు మరక దాటి మూరెడు దాకా పాత ప్లాస్టర్ చెక్కేసి, గుబ్బల ప్లాస్టిక్ పొర బిగించి దాని మీద కొత్తది పూయించాం. ఇటుకల్లో ఉప్పు పోలేదు, పొర వెనక ఉండిపోయింది.

మొన్న అమ్మ వచ్చి సూట్‌కేసు తెరవకముందే ఆ గోడకి అరచెయ్యి ఆనించి చూసింది. తరవాత హాల్లో జాలీ కనిపించింది.

"ఇందులోంచి బొద్దింకలు రావుటే?"

లోపల సన్న వల ఉందమ్మా అన్నాను.