కేథరీన్ చరిత్రను 1767 నుంచి చదవండి

రష్యా సామ్రాజ్ఞి రెండో కేథరీన్ గురించి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని నా దగ్గర చరిత్ర పాఠాలు విన్న పిల్లలు అడుగుతుంటారు. చాలామంది ఆమె ప్రియుల కథలతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నాకది కష్టంగా ఉంటుంది. 34 ఏళ్లు అంత పెద్ద దేశాన్ని ఏలిన మనిషిని అంతఃపుర కబుర్లకు కుదించడం ఆమెకే కాదు, ఆమె ఏలుబడిలో నలిగిన రైతులకూ అన్యాయమే.

తొలి జీవితాన్ని త్వరగా దాటేయవచ్చు. 1729లో స్టెట్టిన్‌లో పుట్టిన జర్మన్ రాకుమారి సోఫీ, 1744లో రష్యా చేరి, ఆర్థడాక్స్ మతం స్వీకరించి ఎకతెరీనా, అంటే కేథరీన్, అయింది. మరుసటి ఏడాది సింహాసన వారసుడు పీటర్‌తో పెళ్లి. ఈ భాగానికి ఆమె స్వయంగా ఫ్రెంచిలో రాసుకున్న జ్ఞాపకాలే అందరికీ ఆధారం. భర్తను గద్దె దించిన మనిషి ఆ భర్త గురించి చెబుతున్న మాటలని గుర్తుంచుకుని చదవండి.

తేదీల దగ్గర తికమక పడకండి. అప్పటి రష్యా వాడిన జూలియన్ క్యాలెండర్, ఇప్పుడు మనం వాడే క్యాలెండర్ కంటే 11 రోజులు వెనక ఉండేది. అందుకే ఆమె అధికారం చేజిక్కించుకున్న రోజు ఒకచోట 1762 జూన్ 28, మరోచోట జూలై 9 అని కనిపిస్తుంది. రెండూ సరైనవే. ఏదో ఒక లెక్క పట్టుకుని చివరిదాకా దాన్నే వాడండి.

ఇక నోటుపుస్తకంలో ఒక పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, పైన 1767 అని రాయండి. ఎడమవైపు ‘నకాజ్’. కొత్త చట్టాలు ఎలా ఉండాలో ఫ్రెంచి తత్త్వవేత్త మాంటెస్క్యూ, ఇటలీ న్యాయవేత్త బెకారియాల ఆలోచనలు తీసుకుని ఆమె రాసిన మార్గదర్శక పత్రం అది. చిత్రహింసలు తప్పంటుంది, చట్టం ముందు పౌరులంతా సమానమంటుంది. దానిపై చర్చించడానికి మాస్కోలో ప్రతినిధులను సమావేశపరిచింది. కుడివైపు, అదే ఏడాది ఆగస్టులో వచ్చిన ఉత్తర్వు: సెర్ఫులు, అంటే భూస్వామి సొత్తుగా బతికే రైతులు, యజమాని మీద ఫిర్యాదు చేస్తే కొరడా దెబ్బలు, సైబీరియాలో కఠిన శిక్ష. మాస్కో సభలో వారికి ఒక్క ప్రతినిధి కూడా లేడు.

ఈ రెండూ ఒకే చేతి నుంచి ఎలా వచ్చాయన్నదే అడగాల్సిన ప్రశ్న. ఆమెను గద్దెనెక్కించింది ఎవరో చూడండి: ఓర్లోవ్ సోదరుల వంటి గార్డు దళాల అధికారులు, ప్రభువర్గం వారు. వారి ఆస్తి సెర్ఫులే. 1773లో పుగచోవ్ అనే కొసాక్కు (సరిహద్దు ప్రాంతాల గుర్రపు యోధుల వర్గం మనిషి) ఆమె గద్దె దించిన భర్త మూడో పీటర్‌ను తానేనని చెప్పుకుని తిరుగుబాటు లేవదీస్తే వేలాది రైతులు వెంట నడిచారు. మొర వినే ఏలిక దగ్గరికి దారి మూసేస్తే జనం మరో ఏలికను వెతుక్కున్నారని నా అభిప్రాయం. పుగచోవ్‌ను 1775లో మాస్కోలో చంపారు. పదేళ్లకు ప్రభువులకు మరిన్ని హక్కులిస్తూ ఆమె శాసనం జారీ చేసింది.

అలాగని ఎడమ భాగాన్ని చులకన చేయకండి. 1768లో మశూచి భయం అంతటా ఉన్నప్పుడు, ఇంగ్లండు వైద్యుడు థామస్ డిమ్స్‌డేల్‌ను పిలిపించి, జబ్బుపడిన మార్కోవ్ అనే బాలుడి పొక్కులోని రసి తన చేతికి ఎక్కించుకుంది. ఇంగ్లండు వైద్యుడు జెన్నర్ మశూచి టీకా తేవడానికి ఇంకా 28 ఏళ్లుంది; ఈ పద్ధతిలో ప్రాణం పోయే ప్రమాదం నిజంగానే ఉంది. తర్వాత కొడుకు పావెల్‌కూ చేయించింది. ఆ ధైర్యం నటన కాదు.

యుద్ధాలు, పోలండ్ విభజనలు, 1783లో క్రిమియా స్వాధీనం ఆ తర్వాత చదవండి. వాటికి పటం పక్కన ఉంటే చాలు. చివరగా 1790 దగ్గర ఆగండి. సెర్ఫుల దుస్థితి గురించి రష్యా రచయిత రదీష్చెవ్ రాసిన పుస్తకాన్ని ఆమె స్వయంగా చదివి, వ్యాఖ్యలు రాసి, అతణ్ని పుగచోవ్ కంటే ప్రమాదకారి అంది. మరణశిక్షను తగ్గించి సైబీరియాకు పంపింది. ఆ వ్యాఖ్యలు నేటికీ ఉన్నాయి. నకాజ్‌ను మరోసారి తిరగేసి, వెంటనే వాటిని చదవండి. మధ్యలో ఇంకే పుస్తకమూ వద్దు.