మిద్దె మీద పచ్చదనం పరిచే ముందు

మే నెలలో విజయవాడలో మా పైగది రాత్రి పదింటికి కూడా సెగలు కక్కేది. స్లాబు మీద మొక్కలు పరిచాక ఆ సెగ బాగా తగ్గింది. ఎండ స్లాబును తాకకుండా మట్టి అడ్డుకుంటుంది, ఆకులు ఆవిరి వదులుతూ చల్లబరుస్తాయి. వాన నీరు కూడా ఒక్కసారిగా కిందికి దూకదు.

అయితే మట్టి కొనే ముందు ఇంజనీరును పిలవండి. తడిసిన తోటమట్టి 10 సెంటీమీటర్ల మందం ఉంటే చదరపు మీటరుకు 150 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే డాబాకు మామూలుగా లెక్కవేసే అదనపు బరువే అంత! అందుకే నేను కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు ఎక్కువగా, మట్టి తక్కువగా కలిపాను.

తర్వాత తూములు మూసి రెండు రోజులు నీళ్లు నిలపండి. మాకు తూము పక్కనే కింద అరచేయంత చెమ్మ మరక కనిపించింది. అది బాగుచేయించాకే వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించి, దానిపై వేళ్లను ఆపే షీటు, నీరు పారే పొర, వడపోత గుడ్డ, చివరగా మట్టి మిశ్రమం వేశాం. తూము చుట్టూ అడుగు మేర గులకరాళ్లే ఉంచండి.

ఎండకు గంగవాయిలి, గడ్డిగులాబీ బాగా తట్టుకుంటాయి. పక్షులు వేసిన విత్తనాల నుంచి రావి మొలకలు వస్తాయి. రెండాకులు కనిపించగానే వేళ్లతో సహా పీకేయండి.