గండుచీమ రాణితో కొత్త కాలనీ

తేనెతో పొట్ట ద్రాక్షపండులా ఉబ్బే కుండచీమలు అమెరికా నైరుతి, ఆస్ట్రేలియా వంటి చోట్ల ఎడారులవి; విజయనగరంలో పెంచదలచినవారికి మన నల్ల గండుచీమే తగినది. తొలకరి వానల తరువాత, రెక్కలు రాల్చుకొని నేలమీద తిరుగుతున్న రాణినే ఎంచుకోవాలి, ఎందుకంటే రెక్కలున్నది ఇంకా జతకట్టి ఉండకపోవచ్చు.

పరీక్షనాళికలో మూడోవంతు నీరు పోసి, దూదిని నీటికి ఆనేలా బిగించి, రాణిని వదిలి, మూతిని మరో దూదితో మూసి చీకటి అల్మారాలో ఉంచాలి. రెక్కల కండరాలను కరిగించుకొని ఆ సత్తువతోనే తొలి సంతానాన్ని సాకుతుంది గనుక, పనిచీమలు వచ్చేదాకా తిండి అక్కరలేదు. ఆత్రంగా మాటిమాటికీ తీసి చూడటమే (అందరూ చేసేదే) పెద్ద ముప్పు: బెదిరిన రాణి తన గుడ్లను తానే తినేయవచ్చు.

పనిచీమలు వచ్చాక పంచదార నీటి చుక్క, చంపిన ఈగ ఇవ్వాలి. కడుపునిండా తాగిన చీమ పొట్ట పలకలు విడిపోయి, నడుమ పలుచని పొర మెరుస్తుంది. మిగిలినది మర్నాడే తీసేయాలి, లేకపోతే బూజు పడుతుంది.