జపనీస్‌కి దగ్గరి దారి తెలుగులోంచే

జపనీస్ నేర్చుకుంటామని వచ్చేవాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే. ఇంగ్లీషులో రాసిన వ్యాకరణం పుస్తకం మూసెయ్యండి. ప్రతి వాక్యాన్నీ తెలుగులో పెట్టి చూసుకోండి.

నేను అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో దుబాసీగా పనిచేస్తాను. ఆదివారాలు గాజువాకలో మా ఇంటి ముందుగదిలో పాఠాలు చెబుతాను. ఐటీఐ చదివిన కుర్రాళ్లు, నర్సింగ్ పూర్తిచేసిన అమ్మాయిలు ఎక్కువగా వస్తారు. మా ఇంటి గుమ్మం ఎక్కేటప్పుడు వాళ్లందరిదీ ఒకటే భయం: "ఇంగ్లీషే సరిగ్గా రాదు మేడమ్, జపనీస్ ఏం వస్తుంది?" ఇంగ్లీషు రాకపోవడం ఇక్కడ లోటు కాదు. తెలుగు బాగా వస్తే చాలు, సగం వ్యాకరణం చేతికి వచ్చినట్టే.

"నేను నిన్న చదివిన పుస్తకం" అన్నదాన్ని జపనీస్‌లో "వతషి గ కినో యొండ హొన్" అంటారు. నేను, నిన్న, చదివిన, పుస్తకం: ఒక్క మాట కూడా చోటు మారలేదు. ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే పుస్తకాన్ని ముందుకు లాగాలి, చదవడాన్ని వెనక్కి నెట్టాలి. అందుకే ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికోసం పేజీలకు పేజీలు వివరణ ఉంటుంది. మనకి ఆ వివరణే కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది. "రేపు వస్తానని అన్నాడు" అంటే "అషిత కురు తొ ఇత్త". మనం "అని" ఎక్కడ పెడతామో వాళ్లు "తొ" అక్కడే పెడతారు. "తిని చూడు" అంటే "తబెతె మితె". తబెతె అంటే తిని, మితె అంటే చూడు. "పట్టుకు రా" అంటే "మొత్తె కితె". చివర "కదా" అని మనం ఎదుటివాళ్ల ఒప్పుదల అడిగినట్టే వాళ్లు "నె" అంటారు. ఈ పాఠం రోజున అనకాపల్లి నుంచి వచ్చే ఒకబ్బాయి "ఇది మన తెలుగులాగే ఉందేటి మేడమ్!" అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చిన రోజే అసలు చదువు మొదలవుతుంది.

కాబట్టి మొదటి నెలల్లో మీ నోట్‌బుక్‌ ఇలా ఉండాలి. పైన జపనీస్ వాక్యం, దాని కింద మాటకి మాట తెలుగు, ప్రత్యయాలతో సహా. "నొ" వచ్చినచోట "యొక్క", "ని" వచ్చినచోట "కి", "కర" వచ్చినచోట "నుంచి". క్లాసులో ఇంగ్లీషులో చెప్పినా సరే, ఇంటికొచ్చాక ఈ పని మానొద్దు.

గౌరవ వాచకాల్లో కూడా మనం వెనకబడి లేం. "మా నాన్న" అనీ "మీ నాన్నగారు" అనీ మనం విడిగా చెప్పినట్టే వాళ్లు సొంత తండ్రిని "చిచి" అంటారు, ఎదుటివారి తండ్రిని "ఒతోసన్" అంటారు. "వచ్చారు" అనడానికీ "దయచేశారు" అనడానికీ తేడా తెలిసినవాళ్లకి జపనీస్ మర్యాద భాష వింతగా తోచదు. ఫ్యాక్టరీలో పెద్ద ఇంజినీరుతో ఎలా మాట్లాడాలో తెలియక తికమకపడే పిల్లలకి నేను ఒకటే అడుగుతాను: "మీ మేనమామతో అయితే ఎలా అంటావు, మీ తమ్ముడితో అయితే ఎలా అంటావు?" జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఇక శబ్దాలు. ఇక్కడ నేను కాస్త పట్టుదలగా ఉంటాను. జపనీస్ మాటల్ని రోమన్ అక్షరాల్లో రాసుకోవద్దు, తెలుగులో రాసుకోండి. జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాలు మారితే అర్థమే మారిపోతుంది. "ఒబసన్" అంటే పిన్ని, అత్త వరస. "ఒబాసన్" అంటే అవ్వ. "బిరు" అంటే పెద్ద భవనం, "బీరు" అంటే తాగే బీరే. ఒత్తు కూడా అంతే: "కితె" అంటే వచ్చి లేదా రా, "కిత్తె" అంటే తపాలా బిళ్ల. హిందీ అక్షరమాలలో ఎ, ఏలకీ ఒ, ఓలకీ మనకున్నట్టు వేర్వేరు అక్షరాలు వాడుకలో లేవు. మనకి ఉన్నాయి, జపనీస్‌కి అవి రెండూ కావాలి. "చుక్క" అన్నప్పుడు మన పెద్దవాళ్లు పలికే "చు" ఉంది చూశారా, జపనీస్ "త్సు" దానికి చాలా దగ్గర. మీ నాయనమ్మ చేత ఆ మాట రెండుమూడుసార్లు అనిపించుకుని వినండి.

తెలుగు సాయం చెయ్యని చోట్లు కూడా ముందే తెలుసుకుంటే మంచిది. కర్తకి "వ" పెట్టాలా "గ" పెట్టాలా అన్నది అందరినీ ఏళ్ల తరబడి వేధిస్తుంది. ఏ విషయం గురించి మాట్లాడుతున్నామో చెప్పడానికి "వ", ఫలానావాళ్లే అని తేల్చి చెప్పడానికి "గ" అని మొదటికి పెట్టుకోండి. మిగతాది వింటూ ఉంటే పడుతుంది. మనం "ఇచ్చు" అన్న ఒక్క క్రియతో నడిపేచోట వాళ్లు నేనిస్తే "అగెరు", నాకిస్తే "కురెరు" అంటారు. ఇది మాత్రం బట్టీ కాదు, వాడుక మీదే రావాలి. స్వరం ఎత్తు కూడా మనకి కొత్త. టోక్యో మాటలో "హషి" మొదటి అక్షరం ఎత్తి పలికితే తినే పుల్లలు, రెండోది ఎత్తితే వంతెన. దీనికి పుస్తకం పనికిరాదు, చెవి ఒక్కటే దారి.

లెక్కపెట్టడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. జపనీస్‌లో పొడుగు వస్తువులకి ఒక లెక్క, పల్చటివాటికి ఒకటి, మనుషులకి ఒకటి, చేపలకీ చిన్న జంతువులకీ ఇంకొకటి. కానీ మనం "ముగ్గురు అమ్మాయిలు" అంటాం, "ముగ్గురు అరటిపళ్లు" అనం. ఊహ మనకి ఉన్నదే, దాన్ని పొడిగించుకోవాలి. దీన్ని సాధన చెయ్యడానికి రైతు బజారుని మించిన చోటు నాకు తెలియదు. మునక్కాయలు చేతిలోకి తీసుకుంటూ "ఇప్పొన్, నిహొన్, సన్‌బొన్". తమలపాకులు "ఇచిమై, నిమై, సన్‌మై". ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే చందువాలు "ఇప్పికి, నిహికి, సన్‌బికి". మూడు అనే "సన్" తర్వాత, పొడుగువాటి లెక్క మాట "హొన్" కాస్తా "బొన్" ఎందుకయిందని అడిగితే, బళ్లో చదివిన సరళాదేశ సంధి గుర్తుచేసుకోండి. న కారం తర్వాత ప కారం బ కారమయినట్టే ఇక్కడా. అన్నిచోట్లా ఇలా జరగదు, నాలుగుకి "యొన్‌హొన్" అనే అంటారు. అయినా ఎందుకు మారిందో తెలిసిన మాట నోటికి త్వరగా పడుతుంది.

లిపి గురించి ఎక్కువ చెప్పను. శబ్దాల్ని రాసే అక్షరమాలలు రెండు: హిరగానా 46 అక్షరాలు, కతకానా 46. రోజుకో వరస చేత్తో రాస్తే నెల తిరిగేలోపు రెండూ వస్తాయి. కాంజీ అంటే చైనా నుంచి వచ్చిన గుర్తులు, నిత్య వాడుక పట్టికలో 2136 ఉన్నాయి. ఒక్కొక్క గుర్తునీ విడిగా నేర్చుకోవద్దు, మాటతో కలిపి నేర్చుకోండి. ఫ్యాక్టరీకి వెళ్లేవాళ్లు గోడమీద కనిపించే మాటలతో మొదలుపెట్టాలి: అన్‌జెన్ అంటే భద్రత, కికెన్ అంటే ప్రమాదం, తెన్‌కెన్ అంటే తనిఖీ, ఫుర్యో అంటే లోపమున్న సరుకు. మరచిపోకుండా ఉండటానికి ఫోన్‌లో అన్కీ యాప్ పెట్టుకుంటే చాలు. మరిచిపోబోయే వేళకి అదే మళ్లీ అడుగుతుంది.

పరీక్ష సంగతి. జేఎల్‌పీటీ అంటే జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష. అందులో అన్నిటికన్నా తేలికైన ఎన్5 నుంచి ఎన్1 దాకా అయిదు మెట్లు. జులైలోనూ డిసెంబరులోనూ జరుగుతుంది. మనవాళ్లు చాలామంది చెన్నై వెళ్లి రాసొస్తారు. 180 మార్కులకి ఎన్5లో 80, ఎన్4లో 90, ఎన్3లో 95 రావాలి. విడివిడి భాగాల్లో కూడా కనీస మార్కులుంటాయి, ఒకదాంట్లో తప్పితే మొత్తం పోతుంది. జపాన్ 2019లో మొదలుపెట్టిన నైపుణ్య కార్మికుల వీసాకి ఎన్4 పనికొస్తుంది కాబట్టి మా పిల్లలు ఎక్కువమంది దానికే కూర్చుంటారు. ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఈ పరీక్షలో మాట్లాడించే భాగమే లేదు, రాయించేది కూడా లేదు. జవాబు గుర్తించడమే పని. ఎన్3 సర్టిఫికెట్ చేతిలో ఉండి కూడా "టాయిలెట్ ఎక్కడ?" అని అడగలేనివాళ్లు ఉంటారు. మార్కుల కోసం చదివేటప్పుడు కూడా రోజూ కాసేపు గొంతెత్తి మాట్లాడండి.

భాష రావడం ఒక ఎత్తు, వచ్చినదాన్ని విశాఖలో ఉండి నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. జపాన్‌లో శిక్షణ ముగించుకుని వచ్చినవాళ్లలో చాలామందికి ఏడాది తిరగకుండానే మాట తడబడుతుంది. నేను చూసినంతలో ముందు పోయేది అంకెలు, లెక్క మాటలు, ఆ తర్వాత మర్యాద క్రియలు. వింటే అర్థంకావడం మాత్రం చాలాకాలం నిలుస్తుంది. అందుకే "నాకింకా వచ్చు" అనుకుంటూనే ఉంటారు. నోటికి పని చెప్పకపోతే చెవి ఒక్కటే భాషని కాపాడలేదు.

నా దినచర్య ఇలా ఉంటుంది. పొద్దున్నే జపాన్ రేడియో వ్యాయామం, "రజియొ తైసో" అంటారు. 1928లో అక్కడ రేడియోలో మొదలైనదే, రికార్డింగులు దొరుకుతాయి. చేతులు పైకి, నడుము పక్కకి అంటూ, ఒకటి రెండు అని లెక్కపెడుతూ సాగే ఆ ఆజ్ఞల్ని నేను కూడా పైకి అంటూ చేస్తాను. అంకెలు పోకుండా కాపాడేది ఇదే. తర్వాత కంపెనీ బస్సు. గాజువాక నుంచి కూర్మన్నపాలెం, లంకెలపాలెం, పరవాడ దాటి అచ్యుతాపురం చేరేదాకా చెవిలో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వార్తలు. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు కాబట్టి అక్కడి మధ్యాహ్నం పన్నెండు గంటల వార్తలు మనకి పొద్దున్న ఎనిమిదిన్నరకి వస్తాయి. ఉట్టినే వినను. చదివేవారి వెనకే, అరమాట తేడాతో, పెదవులు కదుపుతూ అంటాను. పక్కసీటు వాళ్లకి ఇప్పుడు అలవాటయిపోయింది. కొత్తవాళ్లకి మామూలు వార్తలు అందవు. ఎన్‌హెచ్‌కే వాళ్లే తేలిక జపనీస్‌లో రాసే వార్తలతో మొదలుపెట్టండి. ఒకే వార్తని వారమంతా అంటే తప్పేం లేదు, రోజుకో కొత్త వార్త కన్నా అదే మేలు.

రాత్రి మూడు వాక్యాల డైరీ. జపాన్ గురించి రాయొద్దు, మన ఊరి గురించే రాయండి. రేపు ఫ్యాక్టరీకొచ్చే జపాన్ అతిథి మిమ్మల్ని అడిగేది మన ఊరి గురించే. సింహాచలం అప్పన్న ఏడాదంతా చందనంలో ఉండి అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపంలో కనిపిస్తాడని అయిదు వాక్యాల్లో చెప్పగలరా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీ వీధి ఎలా ఉందో చెప్పగలరా? తుపాను అనగానే వాళ్ల దగ్గర కూడా చెప్పడానికి బోలెడు ఉంటుంది, మాట ఆగదు. నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే కథ అరకు రైలుది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్ ఉక్కు మిల్లులకి పంపడానికే 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. మా నాన్న పోర్టులో ఆ ఖనిజం ఎగుమతి దగ్గరే పనిచేశారు. పేరు చివర "మరు" అని ఉండే జపాన్ ఓడల గురించి ఇంట్లో చెబుతుండేవారు. అరకు చూసొచ్చిన జపాన్ ఇంజినీర్లకి ఈ సంగతి చెబితే, ఆ రైలు దారి సొరంగాలకీ తమ దేశానికీ సంబంధముందని తెలిసి, భోజనాల దగ్గర గంటసేపు మాట్లాడతారు. ఇలాంటి కథలు నాలుగయిదు కంఠతా ఉంచుకోండి. ప్రతిసారి చెప్పినప్పుడూ ఒక కొత్త మాట చేర్చండి.

వినేటప్పుడు ఊ కొట్టడం మర్చిపోవద్దు. కథ చెబుతుంటే "ఊఁ, ఊఁ" అనడం మనకి చిన్నప్పటి అలవాటే. జపాన్ వాళ్లు "హై, ఏ, నరుహొదొ" అంటూ అదే చేస్తారు. ఫోన్‌లో నిశ్శబ్దంగా వింటే అటువైపు వాళ్లు లైను కట్టయిందనుకుంటారు.

నెలలు గడిచి పూర్తిగా వదిలేసినవాళ్లు మొదటి పాఠం నుంచి మళ్లీ మొదలుపెడతారు. అది వద్దు, విసుగొచ్చి రెండో వారానికే ఆపేస్తారు. వారం రోజులు వినడం ఒక్కటే చెయ్యండి. తర్వాత మీ పాత డైరీలు పైకి చదవండి, మీరే రాసిన వాక్యాలు కాబట్టి నోరు త్వరగా తిరుగుతుంది. ఆ తర్వాత మీలాంటి ఇంకొకరిని పట్టుకోండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చదువుకుని బయటికొచ్చాక ఏ టీ కొట్టు దగ్గరో అరగంట, ఒక్క తెలుగు మాటా లేకుండా. ఎదుటివారు మాట దొరక్క ఆగితే వెంటనే అందించకండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి, అదీ జపనీస్‌లోనే. అప్పటికీ రాకపోతే అప్పుడు చెప్పండి, ఆ మాటతో వాళ్ల చేత ఇంకో వాక్యం కట్టించండి.