ఆఫీసర్ల డ్రెస్ కత్తి (యూనిఫాంతో లాంఛనంగా ధరించేది) అసలుదో కాదో తేల్చే ముందు

ముందు చేతులకు కాటన్ గ్లవుజులు వేసుకోండి, వేలిముద్రల చెమటకే స్టీలు తుప్పు పడుతుంది. దూసేటప్పుడు ఒర అంచు దగ్గర వేళ్లు పెట్టకండి. అంచు మొద్దుగానే ఉందిలే అనుకున్నా మొన మాత్రం మొద్దుగా ఉండదు.

బ్రాసో, పాలిష్ లాంటివి అస్సలు వద్దు! నేనొకసారి ఉత్సాహం ఆపుకోలేక తోమేశాను, సగం నగిషీ పోయింది, ఇప్పటికీ కడుపు మండుతుంది.

తర్వాత బ్లేడు మీది రాజముద్ర (అప్పటి రాజు లేదా రాణి గుర్తు), తయారీదారు పేరు రెండూ కాలానికి సరిపోతున్నాయా చూడండి. బ్రిటిష్ 1897 నమూనా పదాతి దళ ఆఫీసరు కత్తి ఇప్పటికీ వాడుకలో ఉంది కాబట్టి నమూనాను బట్టి వయసు చెప్పలేం, ముద్రే చెప్పాలి. రెండో ఎలిజబెత్ ముద్ర అంటే 1952 తర్వాతిది. విల్కిన్సన్ అనే బ్రిటిష్ కంపెనీ 2005లో కత్తుల తయారీ ఆపేసింది, అందుకే ఆ పేరు పక్కన, ఆ తర్వాతెప్పుడో రాజైన మూడో చార్లెస్ ముద్ర కనబడితే అక్కడే ఆగండి.

విల్కిన్సన్ మంచిరకం కత్తులకు బ్లేడు వెన్ను మీద, పిడికి దగ్గర్లో సీరియల్ నంబరు ఉంటుంది. లేనంత మాత్రాన నకిలీ అని కొట్టిపారేయకండి, చవకరకాలకు వేసేవారు కాదు.

భూతద్దం తప్పనిసరి. యాసిడ్‌తో చెక్కిన నగిషీలో బొమ్మల వెనకున్న భాగం కాస్త గరుకుగా, మంచు పట్టినట్టు ఉంటుంది, గోరుతో తడిమితే అంచు తగులుతుంది. పైపైన అచ్చేసినట్టు నున్నగా ఉంటే అనుమానించాల్సిందే.

ఒర ఆ కత్తిదేనా, వేరే దాన్నుంచి తెచ్చి తొడిగారా అన్నదీ చూడండి, బిగిసినా గలగలలాడినా అడగండి. డబ్బు మాత్రం ఇవన్నీ అయ్యాకే.